సీటు వేడి

ఈ క్లినిక్కులో టోకెన్ల దగ్గర కూర్చున్న ఆ అమ్మాయికి పిలవడం రాదు. అంకెలో మొదటి సగం మింగేసి రెండో సగం బల్లకేసి చెబుతుంది, గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకేసారి లేచి మళ్ళీ కూర్చుంటారు. బస్టాండులో మైకు ముందు సగం జీవితం గడిపినదాన్ని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో ఏది ఆలస్యమో చెప్పడమే నా ఉద్యోగం, నాకు తెలియదా, పిలుపంటే కునుకు తీస్తున్నవాడి చెవిలో కూడా మొదటిసారికే పడాలి, అలాగని అరవకూడదు. ప్రయాణికులు దయచేసి గమనించగలరు అని నేను ఎంత మెత్తగా అంటానంటే, ఆ గొంతు ఇంట్లో కూడా కాస్త వాడొచ్చు కదా అంటాడు మా ఆయన. మెత్తదనమంతా డ్యూటీలోనే ఖర్చయిపోతుంది, ఇంటికి వచ్చేది గరుకే. ఈ సాయంత్రం పిలవబోయే టోకెన్ నాది కాదు, తమ్ముడిది. నా సంగతి పోయిన వారమే తేలిపోయింది. రెండు కిడ్నీల నిండా నీటి తిత్తులు, చిన్నవీ పెద్దవీ, ఇది వంశంలో వచ్చేది, మీ నాన్నగారి నుంచి వచ్చింది అన్నారు డాక్టరమ్మ. మీ తమ్ముణ్ణి తీసుకురండి, ముందుగా తెలిస్తే బీపీని అదుపులో పెట్టి చాలా ఏళ్ళు కాపాడుకోవచ్చు, ముదిరాక వస్తే నేను చేయగలిగింది తక్కువ అన్నారు. నాకు పిల్లల్లేరు, నాన్న రక్తం మిగిలింది నాలోనూ, వాడిలోనూ, వాడి పిల్లల్లోనూ మాత్రమే. వాడు పనిచేసే బస్సు డిపో ఇక్కడికి రెండు వీధుల అవతల. డ్యూటీ దిగి నేరుగా వస్తానన్నాడు. డ్యూటీ దిగి ఎంతసేపైందో గోడ గడియారం చెబుతూనే ఉంది. ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

రెండు వీధులు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు, ఆ పిచ్చిదాన్ని నేనే. కాళ్ళు వాచి, తలనొప్పి తగ్గక, మూత్రంలో ఎర్రటి చార కనబడినప్పుడు మా ఆయన భయపడిపోయి, ఇక్కడ ఎవరున్నారు, పెద్ద ఊరికి పోదాం అన్నాడు. ఎవరున్నారని ఒక్కరినైనా అడిగాడా, నేనైనా అడిగానా, తెలియని జబ్బుకు తెలియని ఊరు అన్నట్టు తెల్లవారుజామున బస్సెక్కేశాం. అక్కడ ఆసుపత్రి కాదు అది, ఒక ఊరు, అద్దాల తలుపులు, ఎక్కే మెట్లు వేరు దిగే మెట్లు వేరు, ఒక కిటికీ దగ్గర నిలబడితే ఇంకో కిటికీకి పొమ్మంటారు. పొద్దు వాలాక ఒక కుర్ర డాక్టరు నా కాగితాలు చూసి, నా చిరునామా చూసి, నవ్వాడు. అమ్మా, మీ ఊళ్ళోనే కిడ్నీ డాక్టరుగారు ఉన్నారు, నాకు పాఠం చెప్పినావిడ, ఇంత దూరం ఎందుకొచ్చారు, ఇది ఒక్కసారి చూపించుకుని పోయే జబ్బు కాదు, ఏళ్ళ తరబడి ఒకరే చూడాలి, దగ్గరున్నవాళ్ళే చూడాలి అన్నాడు. వెనక్కి వచ్చే బస్సులో మా ఆయన రెండు సార్లు నీళ్ళ సీసా అందించి, రెండో సారి నా మొహం చూసి మూత పెట్టేసి తనే పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళజోళ్ళ షాపు మీద మేడ. ఈ మేడ. నా కళ్ళజోడు బిగించుకోవడానికి నెలకోసారి వచ్చే షాపు. పైన బోర్డు ఉంది, ఇరవై ఐదేళ్ళ నుంచి ఉందట, దాని మీద నోరు తిరగని మాట ఒకటి ఉంది తప్ప కిడ్నీ అన్న ముక్క లేదు. నాన్న చివరి ఏడాది, నడుం పట్టుకుని, ఆ బోర్డు కింద నీడలో నిలబడి, నా కళ్ళజోడు బిగించేదాకా నాకోసం కాచుకున్నాడు. మెట్ల పక్కనే. మెట్లకు చెయ్యి ఆనించి. తలెత్తితే బతికేవాడని నేననను, అప్పటికే ముదిరిపోయి ఉంటుంది, కానీ ఏం చచ్చిపోతున్నాడో తెలిసి చచ్చిపోయేవాడు. మాకూ తెలిసేది.

నాన్న బస్సు డ్రైవరు. తాతా బస్సు డ్రైవరే. మా ఇంట్లో జబ్బుకు పేరు సీటు వేడి. ఇది మేం పెట్టిన పేరు కూడా కాదు, డిపోలో అందరూ అనేదే. ఆ రోజుల్లో ఇంజను డ్రైవరు పక్కనే ఉండేది, దాని మూత మీద చెయ్యి పెడితే కాలేది, ఆ వేడి సీటులోకి దిగి, సీటులోంచి నడుంలోకి ఎక్కి, నడుంలోంచి లోపలికి పోయి అంతా ఉడకబెట్టేస్తుందని వాళ్ళ లెక్క. అందుకే నాన్న గోనెసంచి తడిపి, పిండి, నాలుగు మడతలు పెట్టి సీటు మీద వేసుకునేవాడు, ప్రయాణికులు నవ్వుకునేవారు. నీళ్ళు తాగడు, తాగితే దారిలో బండి ఆపాలి, బండి ఆపితే సమయం తప్పుతుంది, సమయం తప్పితే సంజాయిషీ. ఒకసారి చివరి స్టాపు గోడ వెనక్కి వెళ్ళి తెల్లబోయిన మొహంతో వచ్చాడట, ఎర్రగా పోయిందిరా అని కండక్టరుతో అన్నాడట. ఆ కండక్టరు ఏమన్నాడు, మా బావకూ అంతే, వేడి, సీటు వేడి, రెండు రోజులు సెలవు పెట్టు అన్నాడు. డిపో డిస్పెన్సరీలో డాక్టరు ఏమన్నాడు, డ్రైవర్లందరికీ ఉండేదే అని నడుంనొప్పికి సూది పొడిచాడు, మాత్రలు ఇచ్చాడు. పైన పొడిచాడు, కింద పొడిచాడు, ఏళ్ళ తరబడి పొడిచాడు, ఒక్కసారైనా బీపీ పట్టీ కట్టి చూసి, పెద్దాయనా, మీ నాన్న ఎలా పోయాడు అని అడిగాడా. ఆ నొప్పి మాత్రలే కిడ్నీలకు పడవని పోయిన వారం ఈవిడ చెబుతుంటే, మా ఇంటి గూట్లో నాన్న పోయాక కూడా మిగిలిపోయిన ఆ మాత్రల పొట్లం కళ్ళముందు ఆడింది. ఇప్పుడు తమ్ముడు మింగుతున్నదీ అవే. కుర్చీలో కూర్చుని నడుం పట్టేసిందట. వాడిని చెంపమీద ఒకటి పీకి ఆ పొట్లం లాక్కోవాలి.

వాడికి డిపోలో పేరు పైలట్. వేళాకోళం పేరు. డ్రైవరు కొడుకు, డ్రైవరు మనవడు, బండి మాత్రం నడపడు కాబట్టి పైలట్. పుట్టిన దగ్గర్నుంచి వాడికి బండ్ల పిచ్చి, మలుపు తిరగకముందే చప్పుడు విని ఇది ఏ రూటు బస్సో చెప్పేవాడు, భోజనం దగ్గర కంచం తిప్పుతూ గేర్లు మార్చేవాడు, అమ్మ గరిటె చూపిస్తే బ్రేకు వేసేవాడు. మీసాలు రాకముందే డిపో వెనక ఖాళీ స్థలంలో ఒక మెకానిక్కు వాడికి బండి నేర్పించాడు, పెద్ద బస్సు, వాడు సగం నిలబడి తొక్కాడట, ఒక్క గోడకూ తగలకుండా వెనక్కి నడిపాడట. నాన్నకు తెలిసింది. మా మీద చెయ్యెత్తని మనిషి, ఆ రోజు వాణ్ణి బెల్టుతో కొట్టాడు. కొట్టి, తనే గోడవైపు తిరిగి ఏడ్చాడు. మా నాన్న పోయాడు, నేను పోతున్నాను, ఈ సీటు నిన్ను కూడా మింగుతానంటే నేను మింగనివ్వను అన్నాడు. బండి ముట్టనని వాడి చేత ఒట్టు వేయించుకున్నాడు. పెద్దవాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని డిపోలోనే టైర్ల సెక్షనులో కూర్చోబెట్టాడు. కుర్చీ, ఫ్యాను, తాగినన్ని నీళ్ళు, గడప దాటితే మరుగుదొడ్డి. నా కొడుకు బతికిపోయాడని పదిమందికీ చెప్పుకున్నాడు. వాడు ఆ కుర్చీలో కూర్చుని, ఏ బండికి ఏ టైరు ఎన్నాళ్ళు తిరిగిందో చూసుకుంటూ, వేరేవాళ్ళు నడిపి వచ్చిన బండ్ల అరుగుదల మీద వేళ్ళు పెట్టి, వీడు బ్రేకు గట్టిగా తొక్కుతాడు, వీడు మలుపు తొందరగా కోస్తాడు అని చెబుతాడు. అదీ వాడి డ్రైవింగు. పెళ్ళైంది, ఇద్దరు పిల్లలు. ఆ ఒట్టు మాత్రం వాడు తప్పలేదు, నాన్న పోయాక కూడా. మా ఆయన స్కూటరు కూడా ముట్టుకోడు. నా తమ్ముడు నడిచి వస్తాడు, నడిచి పోతాడు.

మళ్ళీ ఆ అమ్మాయి ఏదో అంకె మింగింది. నా పక్కన కూర్చున్నాయన లేచి, కాదని తెలిసి కూర్చున్నాడు, మోచేతి దగ్గర చొక్కా చెయ్యి మడుచుకుపోయి లోపల నరం తాడులా ఉబ్బి కనిపించింది. నేను చూడడం ఆయన భార్య చూసింది. డయాలసిస్‌కి అండీ, వారానికి మూడు సార్లు, సూదులు గుచ్చడానికి అలా నరం కలుపుతారు అని, వంటగదిలో ఏదో చూపించినంత మామూలుగా చెప్పింది. మీకెవరికి అంది. నాకు అన్నాను, మా తమ్ముడికి కూడా చూడాలి, వాడే రాలేదు అన్నాను. వస్తాడులెండి అంది. ఎందుకు అంటారో ఆ మాట. ఆవిడకు మా తమ్ముడు తెలుసా. మా తాత నుంచి మా ఇంట్లో అందరూ రావలసిన చోటికి రాకుండా పోయినవాళ్ళే అని తెలుసా. కానీ ఆ నరం నుంచి నేను చూపు తిప్పుకోలేకపోయాను. అది నా చెయ్యి కూడా కావచ్చు, ఎప్పుడో, ఇప్పుడే కాదు అన్నారు డాక్టరమ్మ, మీకింకా పనిచేస్తున్నాయి, జాగ్రత్తగా ఉంటే చాలా కాలం పడుతుంది, అందరికీ అక్కడిదాకా రాదు కూడా అన్నారు. ఆ ‘ఇంకా’ ఒక మాట కాదు, ఒక గడువు. ఆయన భార్య సంచిలోంచి దువ్వెన తీసి ఆయన తల వెనక లేచిన వెంట్రుకలు దువ్వింది. నాకు ఏడుపు రావాలి, రాలేదు, కోపమే వచ్చింది, వీళ్ళ మీద కూడా.

పోయిన వారం ఇదే గది. లోపల డాక్టరమ్మ నా ముందు ఒక కాగితం పెట్టి కిడ్నీ బొమ్మ గీశారు, చిక్కుడు గింజలా, దాని నిండా సున్నాలు చుట్టారు. ఇవి పుట్టినప్పుడు కనబడవు, వయసుతో పాటు పెరుగుతాయి, పెరిగి పెరిగి పనిచేసే కండకు చోటు లేకుండా చేస్తాయి అన్నారు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, నాణెం ఎగరేసినట్టు, ఒక బిడ్డకు వచ్చింది కదా అని ఇంకో బిడ్డ తప్పించుకున్నట్టు కాదు, ఒకరికి రాలేదు కదా అని ఇంకొకరికి వచ్చి తీరుతుందనీ కాదు, ఎవరి నాణెం వాళ్ళదే అన్నారు. నేను తల ఊపుతున్నాను, వినడం లేదు. ఇంట్లో ఇంకెవరికి అని అడిగారు. మా తాతకు, మా నాన్నకు అన్నాను. ఆడవాళ్ళెవరికీ లేదా అన్నారు. లేదండీ, మా ఇంట్లో ఇది డ్రైవర్లకే వస్తుంది అన్నాను. అలా అన్నాను, చదువుకున్నదాన్ని, పొద్దున్నుంచీ రాత్రిదాకా జనానికి సరైన సమాచారం చెప్పేదాన్ని, మా ఇంట్లో ఇది డ్రైవర్లకే వస్తుంది, నేను స్టీరింగ్ ముట్టుకోలేదు, నాకెలా వచ్చిందో తెలియడం లేదు అని. ఆవిడ రాస్తున్న కలం ఆపారు. నవ్వలేదు, అది ఆవిడ మంచితనం. అమ్మా, చేసే పనికీ దీనికీ సంబంధం లేదు, ఆడా మగా తేడా లేదు, ఇంకోసారి ఆలోచించండి, ఎవరైనా ఒళ్ళు వాచి పోయారా, ఆయాసంతో పోయారా అన్నారు. ఎవరూ లేరు అన్నాను. కాగితాలు తీసుకుని మెట్లు దిగుతున్నాను, సగం మెట్ల మీద నా కాలు ఆగిపోయింది.

అత్త. నాన్నకు అక్క. చిన్నపిల్లల బడిలో టీచరు, కూర్చుని పాఠం చెబితే పిల్లలు కూడా కూర్చుండిపోతారని రోజంతా నిలబడే చెప్పేది. ఉబ్బిన మొహంతో, చీలమండల మీద వేలు పెడితే గుంట పడే కాళ్ళతో, నాలుగు మెట్లెక్కి ఆగి ఊపిరి తీసుకుంటూ, నలభై ఎనిమిదో ఏట పోయింది. ఏమన్నారు అందరూ, నిలబడి నిలబడి కాళ్ళు వాచాయి అన్నారు. నాన్నే అన్నాడు. అక్కా కాస్త కూర్చోవే అని ఆవిడ బతికున్నన్నాళ్ళూ పోరేవాడు. కూర్చున్నవాడు కూర్చున్నందుకు పోయాడు, నిలబడ్డది నిలబడ్డందుకు పోయింది, మా ఇంట్లో చావుకు కారణం ఎప్పుడూ కుర్చీయే. ఒకే కడుపున పుట్టి, ఒకే వాపుతో, ఒకే ఆయాసంతో, ఆరేళ్ళ తేడాలో ఇద్దరు పోతే ఒక్కరంటే ఒక్కరు ఆ రెండు చావులూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఎందుకు చూస్తారు, ఆవిడ స్టీరింగ్ పట్టలేదుగా, డిపో మనిషి కాదుగా, ఆడదాని చావు డ్రైవర్ల లెక్కలోకి రాదుగా. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నాడు నాన్న, నాలుగో కాలు ఇంట్లో ఆయాసపడుతూ తిరుగుతోంది, ఆయనకు కనబడలేదు. నాన్నా, నువ్వు చచ్చి బతికిపోయావు, లేకపోతే ఆ రోజు నేను ఆ మెట్ల మీంచి నేరుగా ఇంటికొచ్చి నిన్ను నిలదీసేదాన్ని. అత్తను లెక్కపెట్టి ఉంటే నువ్వు డాక్టరు దగ్గరికి పోయేవాడివి. తమ్ముణ్ణి కొట్టేవాడివి కాదు. ప్రేమ ఉంటే సరిపోతుందా నాన్నా, లెక్క ఉండొద్దా.

ఆ రాత్రే వాడికి ఫోన్లో అన్నీ చెప్పాను. అంతా విని, నేను సీటెక్కలేదు కదక్కా, నాకెందుకుంటుంది అన్నాడు. నేనూ ఎక్కలేదురా, నాకెలా వచ్చింది అన్నాను. కాసేపు ఆలోచించాడు, మహానుభావుడు, ఆలోచించి, నీదీ కూర్చునే ఉద్యోగమేగా అన్నాడు. గోడకు చెప్పినా సున్నమైనా రాలేది. అత్త సంగతి అడిగాను, అత్తది వేరు అన్నాడు. ఏం వేరు అంటే పెట్టేశాడు. మర్నాడు నేనే డిపోకు వెళ్ళి, టైర్ల మధ్య నిలబడి, అందరూ వింటుండగా, రాకపోతే నీ పేరు మైకులో పిలుస్తాను, తప్పిపోయిన పిల్లల్ని పిలిచినట్టు పిలుస్తాను, ఆకుపచ్చ చొక్కా వేసుకున్న నలభై నాలుగేళ్ళ బాబు ఎక్కడున్నా ఎంక్వయిరీ కౌంటరు దగ్గరకు రావలెను అని పిలుస్తాను అంటే, డిపో అంతా నవ్వింది, వాడూ నవ్వాడు, వస్తాలే అన్నాడు. అదీ వాడు వచ్చిన రావడం. ఇంకొక్క పిలుపు, తర్వాత వాడి టోకెన్. పోతే పోయింది, నేనెవరు, వాడి పెళ్ళాం ఉంది, పిల్లలున్నారు, ఆ పిల్లలకు నాన్న ఎలా పోయాడంటే టైర్ల వేడి అని చెప్పుకుంటారు, చెప్పుకోనీ, ఇంకో తరానికి ఇంకో కుర్చీ. ఇలా అనుకుంటూనే లేచాను. వీధిలోకి పోయి, డిపోకు పోయి, చొక్కా పట్టుకుని ఈడ్చుకొద్దామని మెట్లు దిగాను.

కళ్ళజోళ్ళ షాపు అద్దంలోంచి కనబడ్డాడు. లోపల ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ముక్కు మీద ఆ గుండ్రటి ఇనుప చట్రం, అద్దాలు మార్చి మార్చి చూసేది, రెండు కళ్ళూ చేపకళ్ళంత అయి కనబడుతున్నాయి. షాపాయన ఒక్కో అద్దం పెడుతూ ఇప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అంటున్నాడు. వీడికి కళ్ళకేం లేదు, ఎదురుగా వచ్చే బస్సు నెంబరు అందరికంటే ముందు చదివేవాడు. నేను లోపలికి వెళ్ళగానే షాపాయన, చూడండమ్మా, అరగంట నుంచి ఏ అద్దం పెట్టినా ఒకేలా ఉందంటున్నారు అని వాపోయాడు. నేను వాడి ముక్కు మీంచి చట్రం తీసి ఆయన చేతిలో పెట్టాను. బయటకు లాక్కొచ్చాను. మెట్ల దగ్గర నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను, దారిన పోయేవాళ్ళు తప్పుకుని పోయారు. పిరికివాడా అన్నాను. నీ పిల్లల మొహం చూడు అన్నాను. నువ్వు మింగే మాత్రలు ఒక్కోటి నీ గోతికి ఒక్కో పార మట్టి అన్నాను. వాడు తలొంచుకుని అన్నీ విన్నాడు. నేను ఊపిరికి ఆగినప్పుడు అన్నాడు.

“జబ్బుకి భయం లేదక్కా. ఉందని చెప్తారు, సరే. అప్పుడు నాన్న నన్నెందుకు ఆపినట్టు? నేను ఆ టైర్ల మధ్య ఎందుకు కూర్చున్నట్టు?”

వాడు ఈ మాట ఇన్నాళ్ళుగా మోస్తున్నాడని నాకు తెలియదు. వాడు మూర్ఖుడనుకున్నాను, సీటు వేడిని ఇంకా నమ్ముతున్నాడనుకున్నాను. నమ్మడం కాదు, దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు, అది పోతే వాడి జీవితానికి కారణం పోతుంది. నాన్న వాణ్ణి బతికించడానికి బండి దించాడు, ఆ ఒక్క మాట మీద వాడు ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆ మాటను పైకెక్కి ఒక స్కాను మిషనుతో చెరిపించుకోమని నేను ఈడుస్తున్నాను. జాలి వేసింది, జాలి వేసినందుకు ఇంకా మండింది. చెయ్యి పట్టుకున్నాను.

“నాన్నని తిట్టుకుందువు గాని. నేనూ తోడొస్తాను. ముందు పైకి రా.”

వచ్చాడు. చెయ్యి వదిలించుకోలేదు, చిన్నప్పటిలాగే.

లోపలి గదిలో బల్ల మీద పడుకోబెట్టి, చొక్కా పైకెత్తి, చల్లటి జిగురు పూశారు. వాడు ఉలిక్కిపడ్డాడు. డాక్టరమ్మ స్కాను మిషను పిడిని నడుం పక్కన ఒత్తి పెట్టి తెర వైపు చూస్తున్నారు, ఎడమవైపు తిరగమన్నారు, ఊపిరి బిగబట్టమన్నారు, వదలమన్నారు. తెర మీద నాకు ముసురు పట్టిన ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు, నా స్కానులో నల్లటి గుంటలు ఉన్నాయి, ఇందులో ఉన్నాయో లేదో, ఉన్నా నాకు తెలిసి చావదు, ఆవిడ మొహం చూస్తే ఆ మొహంలో ఏమీ ఉండదు, ఈ డాక్టర్లందరికీ మొహాలు ఎవరు ఇలా కడిగి ఇస్తారో. కుడివైపు తిరగమన్నారు. మళ్ళీ ఊపిరి. వాడి పొట్ట మీద చెయ్యి వేయాలనిపించింది. ఉందంటే ఏం చేయాలో నాకు తెలుసు, బీపీ మాత్రలు, ఉప్పు తగ్గించడం, ఆరు నెలలకోసారి రక్తం, ఆ నొప్పి మాత్రలు నా చేత్తో మురిక్కాలవలో పారేస్తాను, పిల్లల్ని తర్వాత చూద్దాం, ఇద్దరం కలిసే వస్తాం, ఒకే రోజు టోకెన్లు తీసుకుంటాం, అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాను.

డాక్టరమ్మ పిడి తీసి పక్కన పెట్టారు.

“శుభ్రంగా ఉన్నాయి. రెండూ. నలభై దాటాక ఇంత శుభ్రంగా ఉన్నాయంటే మీకీ జబ్బు లేనట్టే. మీ పిల్లలకి మీ నుంచి వచ్చే ప్రశ్నే లేదు.”

నేను గోడకు ఆనుకున్నాను. బతికిపోయాడు. పిల్లలు బతికిపోయారు. నాణెం వాడివైపు పడింది. వాడు మాత్రం కదల్లేదు, పొట్ట మీద జిగురు అలాగే ఉంది, దూది ఇస్తే చేతిలో పట్టుకున్నాడు, తుడుచుకోలేదు. పైకప్పు వైపు చూస్తూ, అయితే నేను నడిపి ఉండొచ్చు అన్నాడు. ఎవరితోనూ కాదు. డాక్టరమ్మకు అర్థం కాలేదు, ఏం నడపడం అన్నారు. ఇంక ఆపుకోలేకపోయాడు. నలభై నాలుగేళ్ళ మగవాడు, బల్ల మీద పక్కకు ముడుచుకుని, మోకాళ్ళు పొట్టలోకి లాక్కుని, నోట్లో పిడికిలి పెట్టుకుని ఏడ్చాడు. ఉందంటే నాన్న ఆపింది దండగ అనుకుని పైకి రావడానికి భయపడ్డాడు, లేదంటే అంతకంటే దండగని వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఏ జబ్బూ లేని కుర్రాణ్ణి, గోడకు తగలకుండా వెనక్కి నడిపిన కుర్రాణ్ణి, కొట్టి కూర్చోబెట్టారు. అంతే జరిగింది. ఇంకేమీ జరగలేదు.

నాకు రెండు కోపాలు ఒకేసారి వచ్చాయి. కిడ్నీలు నావి కుళ్ళుతుంటే నీవి శుభ్రంగా ఉన్నాయిరా, బండి కోసం ఏడుస్తావా అని ఒకటి. దాని వెనకే, పిలవకుండా వచ్చింది ఇంకో ఆలోచన, వాడివి రెండున్నాయి అని. శుభ్రమైనవి రెండు. ఒకే రక్తం. అది నా ఆలోచనేనని ఒప్పుకోవడానికి నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ నాదే, ఆ నరం ఉబ్బిన చెయ్యి చూసినప్పటి నుంచి లోపల కూర్చుని ఉన్నదే. నేను తలెత్తేసరికి డాక్టరమ్మ నన్నే చూస్తున్నారు, వాణ్ణి చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించారు.

“చాలా మంచి వార్తమ్మా. ముందుముందు మీకెప్పుడైనా కిడ్నీ మార్చే అవసరం పడితే, మీ తమ్ముడుగారు...”

“ఆ మాట ఇవాళ వద్దండీ,” అన్నాను. అది మైకు ముందు గొంతు కాదు, ఇంటి గొంతే. “ఇప్పటికే వాడి దగ్గర మా ఇల్లు ఒకటి తీసుకుంది. ముందు వాణ్ణి ఏడవనివ్వండి.”